పదో నంబరు పానా

ఆదివారం పొద్దున మా వీధిలో కోడి కూయదు. దాని బదులు ఇనుము మీద ఇనుము జారిన చప్పుడొకటి వినిపిస్తుంది. వెంటనే "అబ్బా!" అని ఒక మగ గొంతు. ఆ వెనకే వంటింట్లోంచి, "తెగిందా, కమిలిందా?" అని ఒక ఆడ గొంతు. తెగితే పసుపు, కమిలితే కొబ్బరినూనె. ఏది తేవాలో తెలియాలిగా. ఈ మూడూ వరసగా వినబడ్డాయంటే ఏడు గంటలైంది, బాబాయి బండి దగ్గర కూర్చున్నాడు అని లెక్క.

బాబాయి నాకు వరసకి ఏమీ కాడు. విజయవాడ సత్యనారాయణపురంలో మేము అద్దెకి దిగిన రోజు, సామాన్ల ఆటో ఇంకా రాకముందే ఆయన వచ్చాడు. నా బండి ఎడమచేతి లివరు రెండుసార్లు నొక్కి చూశాడు. "ఏరా అబ్బాయ్, క్లచ్ వైరు మార్చి ఎన్నాళ్ళైంది?" అన్నాడు. పేరూ ఊరూ ఉద్యోగమూ ఆ తరవాత అడిగాడు. అప్పటికే లివరు మొదట్లో రెండు చుక్కలు ఆయిలు వేసేశాడు కాబట్టి నేనూ మొహమాటపడి బాబాయ్ అనేశాను. వీధి మొత్తం అలాగే పడిపోయింది.

ఇరిగేషన్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కాలవలూ తూములూ లాకులూ ముప్పై ఏళ్ళు గీసిన చెయ్యి ఊరుకోదు. ఇప్పుడు కాలెండరు కాయితాల వెనక క్లచ్ బొమ్మలు గీస్తోంది. అడ్డకోత, నిలువుకోత, పైనుంచి చూసినట్టు, పక్కనుంచి చూసినట్టు. ఏకాదశి ఎప్పుడో చూద్దామని పిన్ని పోయిన నెల కాయితం తిప్పితే అక్కడ ప్రెజరు ప్లేటు ఉంటుంది.

బండి హీరో హోండా సీడీ 100. 1996లో కొన్నాడు, ఏపీ 16 నంబరు. ఈ మోడలు 1985లో మన దేశంలోకి వచ్చింది. అప్పటిదాకా మోటారు సైకిలంటే రాజ్‌దూత్, యెజ్డీ, బుల్లెట్టు. పెట్రోలు పొయ్యలేక మామగారి దగ్గర చెయ్యి చాచాల్సిన వాహనాలు. ఇది 97.2 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో వచ్చి, లీటరుకి ఎనభై కిలోమీటర్లు ఇస్తానంది. గుమస్తాలు, టీచర్లు, పాలవాళ్ళు, ఎల్‌ఐసీ ఏజెంట్లు అందరూ బండివాళ్ళైపోయారు. నింపు, మూత పెట్టు, మరిచిపో అని కంపెనీ ప్రకటన ఇచ్చేది. బాబాయి మొదటి రెండూ తు.చ. తప్పకుండా పాటించాడు. మూడోదే ముప్పై ఏళ్ళుగా చేతకావడం లేదు.

హీరో వాళ్ళూ హోండా వాళ్ళూ తెగతెంపులు చేసుకుంటున్నట్టు 2010లో ప్రకటించారు. ఆ వార్త చదివి బాబాయి ట్యాంకు మీది రెండు పేర్లనీ గుడ్డతో శుభ్రంగా తుడిచి, "మా ఇంటావంటా విడాకుల్లేవు" అన్నాడట. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషను పొడిగించుకున్నాడు. ఆ తరవాత అయిదేళ్ళకోసారి పొడిగిస్తూనే ఉన్నాడు. రవాణా శాఖ ఆఫీసుకి వెళ్ళే రోజు మాత్రం బండికి స్నానం చేయించి, తాను ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తండ్రిలా బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఇలాంటి మనిషి ప్రతి వీధికీ ఒకడుంటాడు. అయితే వాళ్ళలో శాఖాభేదాలున్నాయి. చేతక్ శాఖ వాళ్ళు బండిని ఒక పక్కకి ఒంచి, ఏదో చెవిలో చెప్పి, నిలబెట్టి కిక్కు కొడతారు. యెజ్డీ శాఖ వాళ్ళు కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే కావడం ప్రపంచంలో ఎనిమిదో వింత అని మీకు కనీసం మూడుసార్లు చూపిస్తారు. ఆర్‌ఎక్స్ 100 శాఖ వాళ్ళకి బండి నడవక్కర్లేదు, చప్పుడొస్తే చాలు. బాబాయిది క్లచ్ శాఖ. కార్బొరేటరు, ప్లగ్గు, చైను ఆయన దృష్టిలో చిల్లర దేవుళ్ళు. ఏ జబ్బొచ్చినా క్లచ్ దగ్గరే మొదలైందంటాడు. హారన్ మోగకపోతే కూడా ఒకసారి లివరు నొక్కి చూస్తాడు.

పనిముట్లు డాల్డా డబ్బాలో ఉంటాయి. పక్కడు, స్క్రూడ్రైవరు, పాత బ్లేడు, ఉప్పుకాయితం ముక్కలు, ఒక పాత రూపాయి బిళ్ళ, వీటన్నిటికీ పైన పదో నంబరు పానా. మిగతావి అరువిస్తాడు, అది ఇవ్వడు. బండితోపాటు షోరూములో ఇచ్చిన పానా అది. రూపాయి బిళ్ళ ఎందుకని మీరడగచ్చు. క్లచ్ లివరు మొదట్లో కొంచెం సందుండాలి. లివరు కొస దగ్గర కొలిస్తే పది నుంచి ఇరవై మిల్లీమీటర్లు ఉత్తుత్తిగా కదలాలి, ఆ తరవాతే వైరు లాగాలి. మెకానిక్కులు ఆ సందుని వేలితో చూస్తారు. బాబాయి రూపాయి బిళ్ళ దూర్చి చూస్తాడు. "ఇప్పుడొచ్చే బిళ్ళలు పనికిరావురా, లెక్క తప్పుతుంది" అని ఆ పాత బిళ్ళని పెళ్ళినాటి ఉంగరంలా దాచాడు. ఒకసారి పిన్ని దాన్ని కూరలబండి అతనికి ఇచ్చేస్తే, ఆయన సీతన్నపేట దాకా వెంటపడి తెచ్చుకున్నాడు. అతను ఆ బిళ్ళ ఇచ్చి, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, రెండు పచ్చిమిరపకాయలు కొసరు కూడా ఇచ్చాట్ట.

క్లచ్ అంటే ఏమిటో నాకు బాబాయే చెప్పాడు. పిన్ని డాబా మీద అప్పడాలు ఎండబెట్టిన రోజది.

"చూడరా. ఇంజను తిరుగుతూనే ఉంటుంది. చక్రం కాసేపు తిరగాలి, కాసేపు ఆగాలి. ఇద్దరికీ నేరుగా ముడేశామనుకో, సిగ్నలు దగ్గర చక్రం ఆగగానే ఇంజను గుటుక్కుమంటుంది. అందుకని మధ్యన ఒక పెద్దమనిషి కావాలి." అని, ఒక అప్పడం పెట్టి, దాని మీద ఒక స్టీలు పళ్ళెం పెట్టి, మళ్ళీ అప్పడం, మళ్ళీ పళ్ళెం, దొంతి పేర్చాడు. "అప్పడం అంటే కార్కు ప్లేటు. ఇది ఇంజను తరఫు. పళ్ళెం అంటే ఉత్త ఇనప ప్లేటు. ఇది చక్రం తరఫు. పైన స్ప్రింగులు అదిమి పట్టినంతసేపూ అందరూ ఒక్క మాట మీద తిరుగుతారు. నువ్వు లివరు నొక్కావా, స్ప్రింగు పట్టు వదులుతుంది. ఎవరి దారి వాళ్ళది. ఇదంతా ఇంజను ఆయిల్లో మునిగి ఉంటుంది, అది మాత్రం ముఖ్యం, మర్చిపోకు."

నేను మర్చిపోలేదు. ఎవరు మర్చిపోయారో ముందుకెళితే మీకే తెలుస్తుంది.

స్ప్రింగు ఎలా అదుముతుందో చూపిద్దామని ఆయన అరచేత్తో దొంతి మీద గట్టిగా నొక్కాడు. పదకొండు అప్పడాలు పోయాయి. పిన్ని పైకొచ్చి, ముక్కలు చూసి, ఏమీ అనకుండా కిందికి వెళ్ళింది. ఆవిడ ఏమీ అనకపోవడం మంచి శకునం కాదని నాకు అప్పుడు తెలీదు. ఆ పూట బాబాయికి పప్పులోకి నంజుకోడానికి ఏమీ లేదు.

ఆ క్లచ్‌కి వచ్చేవి ముఖ్యంగా రెండు జబ్బులు. ఒకటి పట్టు విడవకపోవడం. లివరు మొత్తం నొక్కినా బండి ముందుకి పాకుతూనే ఉంటుంది, న్యూట్రల్ పడదు, ఫస్ట్ గేరు వేస్తే ఎవరో సుత్తితో కొట్టినట్టు ఠకామంటుంది. బెంజి సర్కిల్ సిగ్నలు దగ్గర బాబాయి రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, బండిని వెనక్కి లాగుతూ, అయినా అంగుళం అంగుళం కదిలిపోతూ ట్రాఫిక్ కానిస్టేబులు బూటు దాకా వెళ్ళిన రోజులున్నాయి. "సలాం చేద్దామని వచ్చాను బాబూ" అని చెప్పి బయటపడ్డాడట. రెండోది జారడం. రేజు ఇస్తే ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం కదలనంటుంది. కాలిన వాసన ఒకటి అదనం.

వైరు మరీ వదులైతే మొదటి జబ్బు, మరీ బిగిస్తే రెండోది. ఈ ఆదివారం బండి పాకుతోందని బాబాయి పదో నంబరు పానాతో లాక్‌నట్టు వదులు చేసి, వైరు బిగిస్తాడు. సోమవారానికి పాకడం పోతుంది. శుక్రవారానికి జారడం మొదలవుతుంది. వచ్చే ఆదివారం జారుతోందని వదులు చేస్తాడు. ఇలా ఒక జబ్బుకి మందు వేసి రెండోది తెచ్చుకుంటూ, మళ్ళీ రెండోదానికి మందు వేసి మొదటిదాన్ని ఇంటికి పిలుచుకుంటూ ఏళ్ళు గడిపాడు. రూపాయి బిళ్ళ ఉండగా లెక్క ఎందుకు తప్పుతుందీ అంటే, బిళ్ళతో కొలిచాక "చేతికి ఇంకా తృప్తిగా లేదురా" అని ఒక్క చుట్టు ఎక్కువ తిప్పుతాడు. కొలత డ్రాఫ్ట్స్‌మన్‌ది, ఆ ఒక్క చుట్టూ బాబాయిది.

మెకానిక్కు దగ్గరికి వెళ్ళచ్చు కదా అని అడిగేవాళ్ళకి ఆయన జవాబు ఒకటే: "వాడికి నాడి తెలుస్తుందా?"

ఒక ఏడాది స్ప్రింగులు మెత్తబడ్డాయని తేల్చాడు. కొత్తవి కొనడానికి మనసొప్పలేదు. అలాగని ఊరుకోడు కదా. పాత స్ప్రింగొకటి జేబులో వేసుకుని జవహర్ ఆటోనగర్ వెళ్ళాడు. అక్కడ లారీని చివరి బోల్టు దాకా విప్పి మళ్ళీ కట్టగల ఉద్దండులుంటారు. వాళ్ళ చేతుల్లో క్లచ్ ప్లేటు అన్నం విస్తరంత ఉంటుంది. వాళ్ళ ముందు బాబాయి అరచేతిలో ఈ స్ప్రింగు పెట్టుకుని, తీర్థం పుచ్చుకున్నవాడిలా నిలబడ్డాడు. వాళ్ళలో ఒక పెద్దాయన దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, "బాల్‌పెన్నుదా?" అని అడిగాడు. ఆ మాట బాబాయి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. తోడు వెళ్ళాను కాబట్టి నాకు తెలుసు.

ఇంటికొచ్చి క్లచ్ కవరు విప్పి, ఒక్కో స్ప్రింగు కింద ఒక్కో వాషరు వేసి బిగించాడు. చాలామంది చేసే పనే అది. స్ప్రింగు బిగుతు పెరుగుతుంది. ఒక్కోటి చాలదనిపించి రెండేసి వేశాడు. క్లచ్ జారడం ఆగింది నిజమే. లివరు మాత్రం తాలింఖానా సరంజామా అయిపోయింది. ఎడమచేత్తో దాన్ని నొక్కి నొక్కి ఆర్నెల్లలో ఎడమ ముంజేయి కుడిదానికంటే లావెక్కింది. వాచీ పట్టీ రెండు రంధ్రాలు వదులు చేసుకోవాల్సి వచ్చింది. బీపీ చూసిన డాక్టరు రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి, "ఏం పని చేస్తుంటారు?" అని అడిగితే, "సీడీ 100" అన్నాడు బాబాయి.

ఆయనకొక పురాణం ఉంది. ఏ క్లచ్ ముచ్చట మొదలుపెట్టినా చివరికి అక్కడికే చేరుతుంది. బందరులో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే వైరు లివరు దగ్గర ముడితో సహా పుటుక్కున తెగిపోయింది. రాత్రి వేళ. దాదాపు డెబ్బై కిలోమీటర్ల దారి. ఇంకొకడైతే బండి ఏ హోటలు ముందరో పెట్టి బస్సెక్కేవాడు. బాబాయి బండిని న్యూట్రల్‌లో స్టార్టు చేసి, పక్కన పరుగెత్తి, గెంతి ఎక్కి, ఫస్ట్ గేరులోకి తన్నాడు. ఆ తరవాత రేజు వదిలిన క్షణం కనిపెట్టి గేర్లు మార్చుకుంటూ వచ్చాడు. అంతవరకూ ఎవరైనా చెయ్యగలరు. చిక్కల్లా ఆగడంతోనే. ఆగితే మళ్ళీ పరుగెత్తాలి, అసలే పెళ్ళిభోజనం. పామర్రు దగ్గర దాహమేసింది. సోడాబండి కనిపించింది. ఆగకుండా దాని చుట్టూ తిరుగుతూ, మొదటి చుట్టులో "ఒక నిమ్మసోడా" అని, రెండో చుట్టులో "ఉప్పు వెయ్యి" అని, మూడో చుట్టులో గ్లాసు అందుకుని, అయిదో చుట్టులో డబ్బులిచ్చాడట. నేను ఈ కథ మొదటిసారి విన్నప్పుడు చుట్లు నాలుగే. ఒకటి పెరిగినా నాకేమీ అభ్యంతరం లేదు. ఆనాటినుంచీ ఆయన పాత వైరు పక్కనే ఇంకో కొత్త వైరు కట్టి ఉంచుతాడు. అదొక్కటీ మాత్రం బండి ఉన్న ప్రతివాళ్ళూ నేర్చుకోవాల్సిన పని.

ఇంతటివాడు పడిపోయింది అరలీటరు ఆయిలు దగ్గర.

అల్లుడుగారు సంక్రాంతికి కారులో వచ్చారు. కారు సర్వీసుకి కొన్న డబ్బాలో కొంత మిగిలితే డిక్కీలో పడుంది. ఖరీదైన ఆయిలు, తేనెలాగ ఉంది. "పారబోస్తారా ఏమిటి, ఇలా ఇవ్వండి" అని బాబాయి పుచ్చుకున్నాడు. కనుమ నాడు తన బండి ఆయిలు సగం దించి అది పోశాడు. పశువులకి పండగ చేసే రోజు కదా, బండికీ చేశానని సంబరపడ్డాడు.

నెల తిరక్కుండా బండి జారడం మొదలుపెట్టింది. మామూలు జారుడు కాదు. పిన్నిని వెనక కూర్చోబెట్టుకుని కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కుతుంటే ఇంజను ఆకాశాన్నంటేలా అరిచింది, బండి మాత్రం భవానీ దీక్షలో ఉన్నట్టు మెల్లగా, భక్తిగా పాకింది. కొబ్బరికాయల గోతాం కట్టుకున్న సైకిలతను వీళ్ళని దాటుకుని పోయాడు. పోతూ పిన్నికి నమస్కారం పెట్టాడట. ఆవిడ ఫ్లైఓవరు మధ్యలో దిగి నడవడం మొదలుపెట్టింది. బరువు తగ్గినా బండి ఆవిడని అందుకోలేకపోయింది.

ఆ తరవాత రెండు నెలలు ఆ వాకిలి చూసి తీరాల్సింది. వైరు వదులు చేశాడు, పోలేదు. స్ప్రింగుల కింద మూడో వాషరు వేశాడు, పోలేదు. కార్కు ప్లేట్లు తీసి ఉప్పుకాయితంతో గీకాడు. ఇనప ప్లేట్లు ఒంగాయేమోనని పిన్ని రోటి పక్కనున్న నాపరాయి మీద పెట్టి, ఒంటికన్నుతో అంచు చూశాడు. బాగానే ఉన్నాయి. కాలెండర్లో జూను, జులై నెలల వెనక కూడా బొమ్మలు నిండిపోయాయి. నాడి దొరకలేదు.

చివరికి పిన్ని ఆయన నిద్రపోతున్న మధ్యాహ్నం చూసి, సందు మలుపులో షెడ్డు ఉన్న కుర్రాణ్ణి పిలిచింది. పాతికేళ్ళుంటాయేమో. వాడు బండి స్టార్టు కూడా చెయ్యలేదు. ఆయిలు కొలిచే పుల్ల తీశాడు, రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. ఈలోగా బాబాయి లేచొచ్చాడు.

"ఏం ఆయిలు పోశారు సార్?"

"మంచిదే. కారుది."

వాడు నవ్వలేదు. అందుకు వాడిమీద నాకు గౌరవం. "కారుకి క్లచ్ బయట పొడిగా ఉంటది సార్. అందుకని ఆ ఆయిల్లో నున్నగా జారే మందు కలుపుతారు, మైలేజీ కోసం. మన బండికి ప్లేట్లు ఆయిల్లోనే మునిగుంటాయి కదా. ప్లేట్లు కూడా జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూసుకుని పొయ్యాల."

బాబాయి నావైపు చూశాడు. అప్పడాల రోజు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేను ఆకాశంకేసి చూశాను.

మొత్తం ఆయిలు దించి, బండిది పోసి, ప్లేట్లు కూడా కొత్తవి వెయ్యమన్నాడు కుర్రాడు. ఆ ఆయిలు తాగిన కార్కుని నమ్మలేమని. కొన్ని వందలతో పోయే వ్యవహారం. కొత్త ప్లేట్లు బిగించేముందు ఆయిల్లో నానబెట్టాలని కూడా చెప్పాడు. ఆ రాత్రి వంటింటి గట్టు మీద రెండు గిన్నెలు నానాయి. ఒకదాంట్లో పెసరట్లకి పెసలు, ఇంకోదాంట్లో బాబాయి ప్లేట్లు. రాత్రి కరెంటు పోతే మంచినీళ్ళకోసం లేచిన పిన్ని ఏ గిన్నెలో చెయ్యి పెట్టిందో నేను రాయను.

మర్నాడు కుర్రాడు వాషర్లన్నీ తీసి బాబాయి చేతిలో పెట్టి, బిగించి, బండి ఇచ్చాడు. లివరు వెన్నలా ఉంది. న్యూట్రల్ చిటికేస్తే పడుతోంది. ఫ్లైఓవరు మీద పిన్ని, ఆవిడ ఒళ్ళో పాతిక కిలోల బియ్యం బస్తా, అయినా బండి గువ్వలా ఎక్కింది.

ఆ ఆదివారం ఏడు గంటలకి ఇనుము చప్పుడు వినబడలేదు. మా ఇంట్లో అందరం ఆలస్యంగా లేచాం. రెండో ఆదివారం బాబాయి పేపరు చదివి, మళ్ళీ అదే పేపరు చదివి, నా బండి దగ్గరికొచ్చి లివరు నొక్కాడు. నేను తాళం జేబులో వేసుకున్నాను. మూడోవారానికి మనిషి చిక్కిపోయాడు. "బండి బాగైపోయిందిరా, ఈయనకే ఒంట్లో బాగాలేదు" అంది పిన్ని. ఎడమ ముంజేయి కుడిదానితో సమానమైపోయి, వాచీ జారిపోతోందని చెప్పి కళ్ళు తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను.

పోయిన ఆదివారం ఏడింటికి ఠంగుమని చప్పుడైంది. "అబ్బా!" అని వినిపించింది. నేను పరుగున వెళ్ళాను. కిక్కు రాడ్డు ఊడదీసి ఉంది, ఆయిలు బేసిన్లో ఉంది, క్లచ్ కవరు పీట మీద ఉంది. బాబాయి మొహంలో మూడు వారాలకి రక్తం కనబడింది. "థర్డ్ గేరులో సన్నగా ఒక శబ్దం వస్తోందిరా" అన్నాడు. నాకేమీ వినపడలేదని చెప్పబోతే, తలుపు చాటునుంచి పిన్ని చెయ్యి ఊపింది, చెప్పొద్దని. చేతిలో కొబ్బరినూనె సీసా ఉంది.

కవరు విప్పడంలో ప్యాకింగు చిరిగిపోయింది. పాతదాన్నే గమ్ము రాసి అతికిద్దామంటే, కారిపోతుందని ఆయనే ఒప్పుకోలేదు. మీలో ఎవరి దగ్గరైనా 1996 సీడీ 100 క్లచ్ కవరు ప్యాకింగు, ఒరిజినల్‌ది, పడుంటే దయచేసి కబురు చెయ్యండి. తొందరేమీ లేదు, దసరా దాకా ఆగినా మాకు మంచిదే.